కీవ్ బెంచీ మీద ఊగే మనిషి

కీవ్ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు డైనమోకి కోచ్‌గా పేరు మోసిన లోబనోవ్‌స్కీ ఆడుతుండగా నేను చూడలేదు. ఆయన 1968లోనే ఆట మానేశాడు. నేను కీవ్‌లో దిగింది 1983 ఆగస్టు ఆఖర్న. అయినా ఆయన కొట్టిన కార్నర్ కిక్కుల గురించి ఆ ఊళ్లో ఎక్కడ పడితే అక్కడ వినేవాణ్ణి. మంగలి షాపులో, ట్రామ్‌లో, చివరికి మా హాస్టల్ గుమ్మం దగ్గర తాళంచెవులు పెట్టుకుని కూర్చునే పెద్దావిడ నోట కూడా. ఆవిడ భర్త బతికున్నన్నాళ్లూ డైనమో మ్యాచ్ ఒక్కటి వదల్లేదట. "పొడుగ్గా, ఎర్రజుట్టుతో ఉండేవాడు బాబూ. జెండా దగ్గరికి నింపాదిగా నడిచి వెళ్లేవాడు. అతను వెళ్తుంటేనే జనం లేచి నిలబడేవాళ్లు" అని చెప్పేది. బంతి మొదట గోలుకు దూరంగా పోతున్నట్టే కనిపించేదట. గోలీ ఒక అడుగు ముందుకు వేసేసరికి అది గాలిలో మెలిక తిరిగి, ఎవరి తలకూ తగలకుండా వలలో పడేదట. ఎండుటాకు అనేవాళ్లు ఆ దెబ్బని.

ఆ కిక్కు ఊరికే వచ్చింది కాదు. వలేరీ లోబనోవ్‌స్కీ 1939 జనవరి 6న కీవ్‌లో పుట్టాడు. చదువులో చురుకు. బంతి ఆడుతూనే పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి ఉష్ణ ఇంజనీరింగ్ చదివాడు. అందరూ బట్టలు మార్చుకుని వెళ్లిపోయాక కూడా మైదానంలో ఉండిపోయి, బంతిని ఎక్కడ తంతే ఎంత తిరుగుతుందో, ఎంత ఎత్తున పోతే ఎక్కడ దిగుతుందో లెక్క కట్టుకుంటూ కొట్టేవాడట. నేను చేరింది అదే కీవ్ పాలిటెక్నిక్‌లో, అదే శాఖలో. రాకెట్లు చేసిన కొరొల్యోవ్ కొంతకాలం ఇక్కడే చదివాడని మా మాస్టార్లు గర్వంగా చెప్పేవాళ్లు. కుర్రాళ్లు మాత్రం కొరొల్యోవ్ పేరు తర్వాత వెంటనే లోబనోవ్‌స్కీ పేరు చెప్పేవాళ్లు. ఎనభైల్లో ఆ ఊళ్లో ఆ రెండు పేర్లకూ ఒకటే బరువు.

ఎడమ వింగర్‌గా ఆయన డైనమోకి 1957 నుంచి 1964 దాకా ఆడాడు. 1961లో డైనమో కీవ్ సోవియట్ లీగ్ గెలిచింది. అంతవరకూ మాస్కో బయటి జట్టు ఏదీ ఆ కప్పు ముట్టలేదు. ఊరు ఊరంతా పండగ చేసుకుంది. అప్పుడు ఇరవై రెండేళ్ల లోబనోవ్‌స్కీ మాత్రం పెద్దగా సంతోషపడలేదని తర్వాత ఆయన స్నేహితులు చెప్పారు. మిగతా వాళ్లకన్నా మనకి నాలుగు పాయింట్లు ఎక్కువ వచ్చాయి, అంతే గదా, చాలా మ్యాచుల్లో మన ఆట ఏమంత బాగుందని అన్నాడట. గెలిచాక ఆ మాట అనగలిగిన ఆటగాడు నాకు ఇంకొకడు తెలియడు. ఆయన తర్వాత చేసిన పనంతా ఆ ఒక్క అసంతృప్తి నుంచే మొదలైందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

1964లో విక్టర్ మాస్లోవ్ అనే మాస్కో కోచ్ కీవ్ వచ్చాడు. ఆటగాళ్లంతా తాత అని పిలుచుకునే మనిషి. మాస్లోవ్‌కి మైదానంలో ఎవడి చోటు వాడిది అనే పద్ధతి నచ్చదు. వింగర్ గీత వెంట నిలబడి బంతి కోసం కాచుకుని ఉంటే అతనికి ఒప్పదు. అందరూ పరుగెత్తాలి, బంతి పోతే అందరూ కలిసి వెంటాడాలి. బంతి కాలికి అతుక్కున్నాక వదలని లోబనోవ్‌స్కీకి ఆ జట్టులో చోటు లేకుండా పోయింది. ఒదెస్సాకి వెళ్లి చెర్నొమోరెత్స్‌కి రెండేళ్లు, ఆ తర్వాత దొన్యెత్స్క్‌లో షఖ్త్యోర్‌కి రెండేళ్లు ఆడాడు. ఇరవై తొమ్మిదేళ్లకే బూట్లు పక్కన పెట్టేశాడు. మొత్తం మీద సోవియట్ పెద్ద లీగ్‌లో 253 మ్యాచులు, 71 గోల్స్. జాతీయ జట్టుకి ఆడింది రెండే రెండుసార్లు.

ఆటగాడిగా కథ అక్కడితో సరి. తర్వాతి కథ నాకు చెప్పింది మా గదిలో ఉన్న ద్నిప్రోపెత్రోవ్‌స్క్ కుర్రాడు. ఆ రోజుల్లో ఆ ఊరు విదేశీయులకి మూసేసిన ఊరు. అక్కడ క్షిపణులు తయారయ్యేవి. అందుకని వాళ్ల ఇంటికి రమ్మని నన్ను పిలవలేకపోయేవాడు. ఆ లోటు తీర్చడానికన్నట్టు రాత్రిళ్లు వాళ్ల ఊరి సంగతులన్నీ చెప్పేవాడు. వాళ్ల నాన్న చూస్తుండగానే లోబనోవ్‌స్కీ ముప్ఫై ఏళ్ల వయసులో ద్నిప్రో జట్టుకి కోచ్‌గా వచ్చాడు. 1969లో. అది రెండో తరగతి లీగ్‌లో కొట్టుకుంటున్న జట్టు. 1971లో దాన్ని పై లీగ్‌కి తెచ్చాడు. మరుసటేడు ఆరో స్థానం.

ఆ ఊళ్లోనే ఆయనకి అనతోలీ జెలెంత్సోవ్ దొరికాడు. వ్యాయామ విద్యా సంస్థలో పనిచేసే శాస్త్రవేత్త. ఇద్దరూ కలిసి ఫుట్‌బాల్‌ని లెక్కలోకి తేవడం మొదలుపెట్టారు. ఎవరు ఎంత పరుగెత్తాడు, ఏ వేగంతో, ఎన్నిసార్లు బంతి పోగొట్టుకున్నాడు, ఎన్నిసార్లు ప్రత్యర్థిని అడ్డగించాడు. ఆడిన ప్రతి మ్యాచ్‌కీ అంకెలు. ఇప్పుడు ప్రతి క్లబ్బూ చేసే పని ఇది. అప్పుడు 1970ల మొదట్లో చేశారు వాళ్లు. వాళ్ల లెక్క ప్రకారం మైదానంలో ఉన్నది ఇరవై ఇద్దరు మనుషులు కారు. ఒకదాన్నొకటి నెట్టుకునే రెండు వ్యవస్థలు. ఒక్కొక్క దాంట్లో పదకొండు భాగాలు. భాగాల బలాలు కూడితే వచ్చేదానికన్నా, అవి కలిసి పనిచేస్తే వచ్చే బలం ఎక్కువ. ఒక జట్టు చేసే పనుల్లో తప్పులు నూటికి పదిహేను, పద్దెనిమిది దాటకపోతే దాన్ని ఓడించలేరని జెలెంత్సోవ్ అనేవాడు.

బాయిలరూ టర్బైనూ చదువుకుంటున్న నాకు ఇది ఎంత దగ్గరగా తోచిందో చెప్పలేను. ఒక్క పంపు గొప్పగా పనిచేస్తే యూనిట్ నడవదు. నీరు, ఆవిరి, గాలి, బొగ్గు అన్నీ ఒకదానికొకటి సరిపడా రావాలి. క్లాసులో పొద్దున విన్న పాఠాన్ని శనివారం స్టేడియంలో మనుషులు ఆడి చూపిస్తున్నట్టు ఉండేది.

నేను వెళ్లకముందే ఆయన కీవ్‌లో పెద్ద పేరు. 1974లో ఒకప్పటి తోటి ఆటగాడు ఒలేగ్ బజిలేవిచ్‌తో కలిసి డైనమో పగ్గాలు పట్టుకున్నాడు. ఆయన కార్నర్ కొడితే తలతో గోల్ చేసేవాడు ఈ బజిలేవిచ్చే. మొదటి ఏడే లీగూ కప్పూ రెండూ. 1975 మే 14న బాసెల్‌లో హంగరీ జట్టు ఫెరెంత్స్‌వారోష్‌ని 3-0తో ఓడించి, తమ తమ దేశాల కప్పు గెలిచిన క్లబ్బులు ఆడే కప్ విన్నర్స్ కప్ తెచ్చారు. సోవియట్ జట్టు యూరప్ కప్పు గెలవడం అదే మొదలు. ఆ శరత్కాలంలో సూపర్ కప్‌లో బయర్న్ మ్యూనిక్‌ని అక్కడ 1-0, ఇక్కడ 2-0. మూడు గోల్సూ ఒలేగ్ బ్లోఖిన్‌వే. ఆ ఏడు యూరప్‌లో మేటి ఆటగాడిగా బంగారు బంతి బ్లోఖిన్‌కే వచ్చింది. మా నాన్న ఇంటికి తెప్పించిన సోవియట్ భూమి పత్రికలో బ్లోఖిన్ బొమ్మ చూసిన గుర్తు నాకుంది. ఆ బొమ్మలో కోచ్ లేడు.

1976 మాత్రం చేదు ఏడు. డైనమోనే జాతీయ జట్టుగా అన్నిచోట్లకీ పంపారు. ఆటగాళ్లు అలిసిపోయారు. లీగ్ ఛాంపియన్లు ఆడే యూరప్ కప్‌లో ఫ్రాన్సు జట్టు సాంతెత్యేన్ చేతిలో ఓటమి, మాంట్రియల్ ఒలింపిక్స్‌లో కంచుతోనే సరిపెట్టుకోవడం. ఈ బరువు మోయలేమని ఆటగాళ్లు ఎదురు తిరిగారు. బజిలేవిచ్ వెళ్లిపోయాడు. లోబనోవ్‌స్కీ నిలబడ్డాడు. మరుసటేడు మళ్లీ లీగ్ గెలిచాడు.

బయటి ఊళ్లలో డ్రా, సొంత ఊళ్లో గెలుపు అన్నది ఆ రోజుల్లో ఆయన లెక్క. గెలుపుకి రెండు పాయింట్లు, డ్రాకి ఒకటి ఉన్నప్పుడు ఆ లెక్కలో తప్పు లేదు. చూసేవాళ్లకి మాత్రం విసుగు పుట్టేది. మాస్కో పత్రికలు ఉతికి ఆరేసేవి. 1978 నుంచి లీగ్‌లో ఇన్ని డ్రాలకే పాయింట్లు అని హద్దు పెట్టారు. ఆ హద్దు తెచ్చిన జట్లలో డైనమో కూడా ఉందని నా అభిప్రాయం. ఎంత అభిమానం ఉన్నా ఆ విషయంలో నేను ఆయన్ని సమర్థించను. టికెట్టు కొని వచ్చినవాడికి కూడా కోచ్ కొంత బాకీ ఉంటాడు.

నేను భాష నేర్చుకునే సన్నాహక తరగతిలో ఉండగానే, 1983 నవంబరులో, ఆయనకి పెద్ద దెబ్బ తగిలింది. అప్పుడు జాతీయ జట్టు కోచ్ ఆయనే. యూరోకి, అంటే యూరప్ దేశాల ఛాంపియన్‌షిప్‌కి, వెళ్లాలంటే లిస్బన్‌లో పోర్చుగల్‌తో డ్రా చాలు. టీవీ గదిలో ఊపిరి బిగబట్టి చూశాం. పెనాల్టీ గీత బయట జరిగిన తప్పుకి పెనాల్టీ ఇచ్చారు. పోర్చుగల్ 1-0. ఆయన్ని తీసేశారు. ఆ రాత్రి రష్యన్ భాషలో నేను నేర్చుకున్న మాటలు ఏ తరగతిలోనూ చెప్పరు.

కీవ్‌కి తిరిగొచ్చి మళ్లీ డైనమోని పట్టుకున్నాడు. 1984. నేను స్టేడియానికి వెళ్లడం మొదలుపెట్టిన ఏడు అదే. డైనమో పదో స్థానంలో ముగించింది. మా ద్నిప్రోపెత్రోవ్‌స్క్ వాడి ఆనందం ఇంతా అంతా కాదు. వాళ్ల ద్నిప్రో 1983లో సోవియట్ ఛాంపియన్. పెద్ద రిపబ్లిక్ స్టేడియంలో లక్షమంది కూర్చునేచోట సగం కూడా నిండని ఆదివారాలు చూశాను. వర్షంలో ఈలలు వేసి తిట్టేవాళ్లు. ముసలాయన పని అయిపోయిందనేవాళ్లు. అప్పటికి ఆయనకి నలభై ఐదు. ఉక్రెయిన్ పార్టీ పెద్ద షెర్బిత్‌స్కీ అండ ఉండబట్టి నిలిచాడని ఊళ్లో చెప్పుకునేవారు.

మొదటిసారి నేను ఆయన్ని కళ్లారా చూసింది ఆ రోజుల్లోనే. బెంచీ మీద కూర్చుని ముందుకీ వెనక్కీ ఊగుతూ ఉన్నాడు. గోల్ పడినా అంతే, గోల్ తిన్నా అంతే. మొహంలో ఏమీ కదలదు. చేతులు మోకాళ్ల మీద. మొదట్లో అది నాకు చల్లని మనిషి లక్షణంగా తోచింది. రెండు మూడు మ్యాచులు అయ్యాక బంతిని వదిలేసి ఆయన్నే చూడటం అలవాటైంది. అప్పుడు తెలిసింది. బంతి ఎడమవైపు ఉంటే ఆయన కళ్లు కుడివైపు ఉండేవి. బంతి లేని చోట ఎవడు ఎక్కడికి పరుగెత్తుతున్నాడో చూసుకుంటున్నాడు. మనం చూసే ఆటా ఆయన చూసే ఆటా వేరు.

ఈ సంగతే హైదరాబాదులో ఉన్న మా మేనమామకి ఉత్తరం రాశాను. ఆయనకి ఫుట్‌బాల్ అంటే ప్రాణం. రోవర్స్ కప్పుని 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుని చూసి పెరిగినవాడు. జవాబు నాలుగు పేజీలు రాశాడు. అందులో మూడు పేజీలు సయ్యద్ అబ్దుల్ రహీమ్ గురించే. బడిపంతులుగా ఉండి కోచ్ అయిన మనిషి. బంతి కాలిదగ్గర ఉంచుకోకుండా వెంటనే అందించే ఆట నేర్పినవాడు. బలంలేని కాలితోనే ఆడాలని పోటీలు పెట్టినవాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీమ్ సాబ్ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. సెమీస్‌లో మనల్ని 4-1తో ఓడించిన యుగోస్లావియాని ఫైనల్లో ఓడించి బంగారం పట్టుకెళ్లింది సోవియట్ జట్టే. "మీ లోబనోవ్‌స్కీకి చెప్పు, మాకూ ఒకాయన ఉండేవాడని" అని రాశాడు మావయ్య. ఆ కాగితం ఇప్పటికీ దాచుకున్నాను. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చి మరుసటేడే పోయిన రహీమ్‌ని మన దేశం ఇంకా బాగా గుర్తుపెట్టుకోవాల్సింది.

1985లో అంతా మారిపోయింది. ఒదెస్సా నుంచి ఇగోర్ బెలానోవ్ వచ్చాడు. జవారోవ్ కుదురుకున్నాడు. రాత్స్, యాకొవెంకో, యారెమ్‌చుక్, కుజ్నెత్సోవ్, దెమ్యానెంకో. పాత తరంలోంచి మిగిలింది బ్లోఖిన్. ఆ ఏడు లీగూ కప్పూ రెండూ మళ్లీ. పదో స్థానం నుంచి ఒక్క ఏడాదిలో మొదటికి. ఎవరూ మాట్లాడలేదు ఇక. డ్రాల లెక్క కూడా పోయింది. ఈ జట్టు ముందుకే పోయేది. ఎవడు డిఫెండరో ఎవడు ఫార్వర్డో చొక్కా నంబరు చూస్తే తప్ప తెలిసేది కాదు.

1986 మార్చిలో కప్ విన్నర్స్ కప్ మ్యాచ్‌కి వియన్నా జట్టు రాపిడ్ కీవ్ వచ్చింది. అక్కడే 4-1తో కొట్టి వచ్చారు మనవాళ్లు. ఇక్కడ ఐదు కొట్టారు. చలికి పాదాలు కొయ్యబారిపోయాయి, అయినా అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు. బంతి పోగానే నలుగురు మీద పడేవాళ్లు. వియన్నావాళ్లకి తల ఎత్తి చూసుకునే తీరికే ఇవ్వలేదు. ఏప్రిల్‌లో సెమీస్. ప్రాగ్ దుక్లా మీద 3-0. ఫైనల్ లియోన్‌లో, మే 2న, అత్లెతికో మాడ్రిడ్‌తో.

ఏప్రిల్ 26 తెల్లవారుజామున చెర్నోబిల్ పేలింది. కీవ్‌కి ఉత్తరంగా వంద కిలోమీటర్ల దూరం. ఆదివారం 27న మా స్టేడియంలో మాస్కో స్పార్తక్‌తో మ్యాచ్ మామూలుగానే జరిగింది. ఎండగా ఉంది, చెస్ట్‌నట్ చెట్లు పూతకొస్తున్నాయి, జనం కిక్కిరిసి ఉన్నారు. ఎవరికీ ఏమీ తెలియదు. 28 రాత్రి టీవీ వార్తల్లో నాలుగు వాక్యాలు చదివారు. మే 1న క్రెష్చాతిక్ వీధిలో ఊరేగింపు కూడా జరిగింది. మేమంతా జెండాలు పట్టుకుని నడిచాం. అప్పటికే గాలి కీవ్‌వైపు తిరిగింది. ఉష్ణ విద్యుత్ విభాగంలో అణు రియాక్టర్ల గురించి చెప్పే మాస్టారు ఒకాయన ఆ వారం తరగతికి వచ్చి, బోర్డు మీద ఏమీ రాయకుండా, కిటికీలు మూసుకోండి, బయటి నుంచి రాగానే తల కడుక్కోండి అని మాత్రం చెప్పి వెళ్లిపోయాడు. ఇంటి నుంచి టెలిగ్రాములు వచ్చేవి. ఎర్ర వైను తాగితే మంచిదని ఒకడు, అయొడిన్ అని ఒకడు. రైల్వే స్టేషన్లో పిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్ల వరసలు.

మే 2 రాత్రి మా హాస్టల్ టీవీ గదిలో నిలబడటానికి చోటు లేదు. వియత్నాం వాళ్లు, క్యూబా వాళ్లు, ఆఫ్రికా వాళ్లు, మేము, ఉక్రెయిన్ పిల్లలు. కిటికీలన్నీ మూసేసి ఉన్నాయి. ఆడుతున్నవాళ్ల ఇళ్లూ ఈ ఊళ్లోనే అని అందరికీ తెలుసు. ఐదో నిమిషంలో జవారోవ్ తలతో గోల్. ఆ తర్వాత చాలాసేపు రెండోది రాలేదు. ఎనభై ఐదో నిమిషంలో వచ్చింది. ఎడమవైపు రాత్స్ బంతి పట్టుకుని పరుగెత్తాడు. లోపలికి బెలానోవ్‌కి ఇచ్చాడు. బెలానోవ్ ఆపకుండా కుడివైపు యెవ్తుషెంకోకి. యెవ్తుషెంకో తల తిప్పి చూడను కూడా లేదు, ఇంకా కుడికి తోశాడు. అక్కడ బ్లోఖిన్ ఉన్నాడు. ఉంటాడని వాడికి తెలుసు. బ్లోఖిన్ ముందుకొచ్చిన గోలీ ఫియోల్ మీదుగా బంతిని ఎత్తి వేశాడు. విసనకర్ర విప్పినట్టు ఎడమ నుంచి కుడికి నలుగురు, ఒక్కొక్కరూ ఒక్కో క్షణంలో. మరో రెండు మూడు నిమిషాలకి యెవ్తుషెంకోనే మూడోది కొట్టాడు. 3-0.

గదిలో అరుపులు సరే. మా పక్కన నిలబడ్డ ఒక కీవ్ అమ్మాయి ఏడ్చేస్తోంది. వాళ్ల అక్క పిల్లల్ని ఆ మధ్యాహ్నమే రైలెక్కించి వచ్చిందట. అంత భయంగా ఉన్న వారంలో ఆ ఊరికి ఒక మంచి మాట అందింది, అది ఆ పదకొండు మంది కాళ్ల నుంచి వచ్చింది. ఆటకి అంతకన్నా పెద్ద పని ఉంటుందని నేను అనుకోను. టీవీలో లోబనోవ్‌స్కీ మొహం చూపించారు. అదే మొహం.

ప్రపంచ కప్‌కి మూడు వారాల ముందు జాతీయ జట్టు మళ్లీ ఆయన చేతికే ఇచ్చారు. మెక్సికోకి వెళ్లిన జట్టులో ఎక్కువమంది కీవ్ వాళ్లే. జూన్ 2న హంగరీ మీద నాలుగు నిమిషాల్లో రెండు గోల్స్, మొత్తం 6-0. ఫ్రాన్స్‌తో 1-1. ఆ జూన్‌లో కీవ్ వీధుల్ని ట్యాంకర్లు పగలూ రాత్రీ కడుగుతూ ఉండేవి. ఊళ్లో చిన్నపిల్లలు లేరు. ఆటస్థలాలు ఖాళీ. జూన్ 15 అర్ధరాత్రి దాటాక రెండు గంటలకి బెల్జియంతో మ్యాచ్. బెలానోవ్ ఒక్కడే మూడు కొట్టాడు, అయినా అదనపు సమయంలో 4-3తో ఓడిపోయాం. బెల్జియం గోల్స్‌లో రెండు ఆఫ్‌సైడ్ అని ఆ రాత్రి అనుకున్నాం, ఈ రోజుకీ అదే అంటాను. ఆ ఏడు బంగారు బంతి బెలానోవ్‌కి వచ్చింది. లోబనోవ్‌స్కీ చేతిలో పెరిగి ఆ బంతి తీసుకున్న రెండోవాడు.

సోవియట్ జట్లు 1985 నుంచి 1988 దాకా వరుసగా నాలుగేళ్లు నెహ్రూ కప్ గెలిచాయి. కొచ్చి, తిరువనంతపురం, కాలికట్, సిలిగురి. సెలవులకి వచ్చినప్పుడు రైల్లో కలిసిన ఒక మలయాళీ కుర్రాడు నేను కీవ్ నుంచి వస్తున్నానని తెలిసి అన్నం మాని డైనమో గురించి అడగటం మొదలుపెట్టాడు. విజయవాడ వచ్చేదాకా వదల్లేదు.

1988 యూరో గురించి ఎక్కువ రాస్తే మనసు పాడవుతుంది. గుంపులో హాలండ్‌ని ఓడించాం. రాత్స్ గోల్. ఇంగ్లండ్ మీద 3-1. సెమీస్‌లో ఇటలీ మీద 2-0. ఆ ఇటలీ మ్యాచ్ లోబనోవ్‌స్కీ జీవితంలో అన్నిటికన్నా నిండుగా ఆడించిన మ్యాచ్ అని నా అంచనా. ఇటలీవాళ్లు ఎటు తిరిగినా ఇద్దరు ఎదురయ్యేవాళ్లు. కానీ అందులో పసుపు కార్డు పడి కుజ్నెత్సోవ్ ఫైనల్‌కి లేకుండా పోయాడు. మ్యూనిక్‌లో ఫైనల్ మళ్లీ హాలండ్‌తోనే. గుల్లిట్ ఒకటి, వాన్ బాస్టెన్ ఆ మూలనుంచి గాల్లోనే కొట్టింది ఒకటి. బెలానోవ్ పెనాల్టీ గోలీ ఆపేశాడు. లెక్కకి అందని దెబ్బ అంటే వాన్ బాస్టెన్ కొట్టినదే. కుర్రతనంలో అలాంటి కోణం నుంచే బంతిని వలలోకి వంచిన మనిషి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు ఆ వేళ.

1990 ప్రపంచ కప్‌కి నేను ఇండియాలో ఉన్నాను. థర్మల్ ప్లాంటులో ఉద్యోగం, రాత్రి షిఫ్టులు. దూరదర్శన్‌లో చూశాను. రుమేనియా చేతిలో 0-2, అర్జెంటీనా చేతిలో 0-2. గోల్ గీత మీద మారడోనా చేత్తో బంతి ఆపాడు, రిఫరీ చూడలేదు. కామెరూన్ మీద నాలుగు కొట్టినా లాభం లేకపోయింది. దేశమే విడిపోతున్న రోజులు. ఆయన ఎమిరేట్స్‌కి, తర్వాత కువైట్‌కి వెళ్లి అక్కడి జట్లకి కోచ్‌గా ఉన్నాడు. ఆ ఆరేళ్లలో ఆయన పేరు నాకు ఎక్కడా కనపడలేదు.

1997 జనవరిలో ఆయన తిరిగి కీవ్ వచ్చాడు. స్వతంత్ర ఉక్రెయిన్‌లో డైనమో ఇంట్లో గెలుస్తోంది గానీ యూరప్‌లో ఎవరూ లెక్కచేయడం లేదు. ఒంట్లో బాగుండటం లేదు, మనిషి లావెక్కాడు, మొహం ఉబ్బింది. కానీ ఏడాది తిరగకుండానే బార్సిలోనాని కీవ్‌లో 3-0తో, 1997 నవంబరు 5న వాళ్ల సొంత కాంప్ నూలో 4-0తో ఓడించారు. ఆ రెండో మ్యాచ్‌లో మొదటి సగంలోనే ఇరవై ఒక్కేళ్ల ఆంద్రీ షెవ్‌చెంకో మూడు గోల్స్ కొట్టాడు. నాలుగోది రెబ్రోవ్. పొద్దున షిఫ్టు దిగి పేపర్లో స్కోరు చూసి, అచ్చు తప్పేమో అనుకుని ఇంకో పేపరు కొన్నాను. అందులోనూ నాలుగే. 1999లో రియల్ మాడ్రిడ్‌ని ఇంటికి పంపి సెమీస్ దాకా వెళ్లారు. బయర్న్‌తో కీవ్‌లో 3-3, మ్యూనిక్‌లో 0-1. ఆ వేసవిలో షెవ్‌చెంకో మిలాన్‌కి వెళ్లిపోయాడు.

కొండ గుట్ట మీదకి పదేపదే పరుగెత్తించి, కక్కుకునేదాకా వదిలేవాడు కాదని షెవ్‌చెంకో తరువాత చెప్పాడు. ఆ మాటే చెబుతూ, తనని ఆటగాణ్ణి చేసింది ఆయనే అన్నాడు. తనలో ఉన్న ఒంటరి ఆటగాణ్ణి మాస్లోవ్ తీసి పక్కన పెట్టినప్పుడు లోబనోవ్‌స్కీకి ఎంత బాధ కలిగిందో తెలియదు గానీ, కోచ్ అయ్యాక మాస్లోవ్ చెప్పినదాన్నే ఇంకా కఠినంగా చెప్పాడు. ఆయన జట్టులో కుర్ర లోబనోవ్‌స్కీకి చోటు దొరికేది కాదని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. బ్లోఖిన్, బెలానోవ్, షెవ్‌చెంకో, ముగ్గురికి బంగారు బంతులు వచ్చాయి. షెవ్‌చెంకోది 2004లో, ఆయన పోయాక వచ్చింది. ఒక్కడే మెరిసే ఆటగాడిని ఆయన చంపలేదు. ఆ మెరుపు కోసం మిగతా పదిమంది ఎక్కడ ఉండాలో కనిపెట్టాడు. 1961లో గెలిచి కూడా తృప్తిపడని కుర్రాడు వెతికింది అదే.

2002 మే 7న జపొరోజ్యెలో మెతలూర్గ్‌తో మ్యాచ్ జరుగుతుండగా బెంచీ మీదే ఆయనకి మెదడులో రక్తనాళం చిట్లింది. 13న పోయాడు. అరవై మూడేళ్లు. మా ద్నిప్రోపెత్రోవ్‌స్క్ వాడు పంపిన ఈమెయిల్‌లో ఒక్క వాక్యమే ఉంది, "వసీల్యెవిచ్ ఇక లేడు" అని. ఆటగాళ్లు పిలిచినట్టే తండ్రి పేరుతో పిలిచాడు ఆయన్ని. బైకొవె శ్మశానంలో పెట్టారు. డైనమో పాత స్టేడియానికి ఆయన పేరు పెట్టారు, దాని దగ్గర బెంచీ మీద కూర్చున్న విగ్రహం నిలబెట్టారు. మరుసటేడు మిలాన్ తరఫున ఛాంపియన్స్ లీగ్ గెలిచిన షెవ్‌చెంకో ఆ పతకం పట్టుకుని నేరుగా గురువు సమాధి దగ్గరికి వెళ్లాడు.

ఆయన దగ్గర ఆడినవాళ్లు ఎంతమంది కోచ్‌లయ్యారో. బ్లోఖిన్ 2006లో ఉక్రెయిన్‌ని ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్‌కి తీసుకెళ్లాడు. షెవ్‌చెంకో యూరో క్వార్టర్స్‌కి తీసుకెళ్లాడు. యుద్ధం నడుస్తుండగా 2023లో రెబ్రోవ్ జాతీయ జట్టు తీసుకున్నాడు. సొంత గడ్డ మీద ఒక్క మ్యాచ్ ఆడే వీలు లేని జట్టుని 2024 యూరోకి చేర్చాడు. మా ద్నిప్రోపెత్రోవ్‌స్క్ వాడు ఇప్పటికీ ఆ ఊళ్లోనే ఉన్నాడు, ఇప్పుడు దాని పేరు ద్నిప్రో. సైరన్లు మోగని రాత్రి దొరికితే ఫోన్ చేస్తాడు, ఎక్కువ భాగం ఫుట్‌బాలే మాట్లాడతాడు, నేను కూడా అదే అడుగుతాను. 1975 జట్టు గొప్పదా, 1986 జట్టు గొప్పదా అన్న మా వాదన తెగలేదు. 75లో బ్లోఖిన్ కుర్రవాడు, బయర్న్‌ని రెండు చోట్లా పడగొట్టాడు, అది చాలంటాడు వాడు. నా ఓటు 86కే. లియోన్ రెండో గోల్‌లో యెవ్తుషెంకో చూడకుండా బంతి తోసిన ఆ క్షణం 75లో ఎక్కడుందో చూపించమంటాను.